వేగ పరిమితులు నిర్ణయించే అధికారులకు, వాటిని అమలు చేసే పోలీసు అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన రహదారుల విభాగం అధికారులకు, ట్రాఫిక్ పోలీసు అధికారులకు, చిన్న పట్టణాల పాలక మండళ్ల సభ్యులకు నమస్కారాలు.

విషయం: చిన్న పట్టణాల పొలిమేరల్లో వేగ పరిమితులు నిర్ణయిస్తున్న తీరు, జరిమానాలు వసూలు చేస్తున్న తీరు గురించి.

అయ్యా, అమ్మా,

నేను ఒక చిన్న పట్టణంలోని బడిలో గణితం బోధించే ఉపాధ్యాయురాలిని. రోజూ కారు నడుపుకుంటూ బడికి వచ్చి వెళతాను. ఈ లేఖలో రాస్తున్న విషయాన్ని ఇంతకుముందే మూడుసార్లు లిఖితపూర్వకంగా విన్నవించుకున్నాను. వేగ పరిమితిని నిర్ణయించేది రహదారుల విభాగం కాబట్టి అక్కడే అడగమని, పోలీసులకు పెట్టిన మొదటి అర్జీకి జవాబు వచ్చింది. అక్కడ అడిగితే, ఆ బోర్డును పోలీసుల కోరిక మీదే పెట్టామనీ, వివరాలు వారి దగ్గరే ఉంటాయనీ రాశారు. మూడో ఉత్తరాన్ని రెండు కార్యాలయాలకూ కలిపి ఇచ్చాను, దానికి లిఖితపూర్వక జవాబే రాలేదు. ఇద్దరి మధ్యా నలుగుతున్న ఈ విషయం నా ఒక్కదానిదే కాదు కనుక, ఇలాంటి పొలిమేరలు ఎన్నో ఊళ్లలో ఉన్నాయి కనుక, ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. వేగంగా నడిపే స్వేచ్ఛ కోసం నేను ఈ లేఖ రాయడం లేదు. మూడేళ్ల క్రితం మా బడి గేటు ముందు రోడ్డు దాటుతున్న ఆరో తరగతి పిల్లవాణ్ని ఒక వ్యాను గుద్దింది. పిల్లవాడు బతికాడు. ఎడమ కాలు మాత్రం పూర్తిగా కుదురుకోలేదు, ఇప్పటికీ మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకుంటాడు. ఆ తర్వాతి వారం తొమ్మిదో తరగతిలో నల్లబల్ల మీద ఒక లెక్క వేయించాను. డ్రైవరు ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు మీద కాలు పెట్టడానికి ఒక సెకను పడుతుందనీ, పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే గడిచే ప్రతి సెకనులో బండి వేగం సెకనుకు 7 మీటర్ల చొప్పున తగ్గుతుందనీ అనుకుందాం. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వస్తున్న బండి 20 మీటర్లలో ఆగిపోతుంది. అదే చోట పిల్లవాణ్ని చూసి అదే క్షణాన బ్రేకు వేసిన బండి 60 వేగంతో వస్తూ ఉంటే, మొదటి బండి ఆగిన ఆ 20 మీటర్ల గుర్తు దగ్గర దాని వేగం ఇంకా దాదాపు 55 ఉంటుంది. జవాబు తప్పొచ్చిందేమోనని పిల్లలు మూడుసార్లు సరిచూసుకున్నారు. తప్పు రాలేదు. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుందనీ, బండి ముందుభాగం తగిలిన పాదచారికి 50 వేగంతో పోలిస్తే 65 వేగంలో మరణం ముప్పు నాలుగున్నర రెట్లనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రపంచవ్యాప్తంగా రోడ్ల మీద ఏటా సుమారు 11 లక్షల 90 వేల మంది చనిపోతున్నారని కూడా ఆ సంస్థే లెక్కగట్టింది. కాబట్టి వేగ పరిమితి ఉండాలా వద్దా అన్న చర్చ నాకు లేదు. ఉండాలి, అమలు కావాలి.

నా ఫిర్యాదు ఏమిటంటే, మా పట్టణంలో ఆ అమలు బడి గేటు దగ్గర జరగడం లేదు. ఊరికి కిలోమీటరు అవతల, ఒక్క ఇల్లు కూడా లేని పల్లంలో జరుగుతోంది.

పెద్ద రోడ్డు మీద అక్కడి దాకా పరిమితి గంటకు 80. పల్లం మొదట్లో 40 అని ఒక బోర్డు ఉంది. 80కీ 40కీ మధ్య 60 అన్న బోర్డు లేదు, ముందు పరిమితి తగ్గబోతోందన్న హెచ్చరికా లేదు. ఆ బోర్డు మీదికి ఒక చెట్టు కొమ్మ వాలి ఉంటుంది. ఆకులు రాలిన కాలంలో దూరం నుంచి కనిపించే అంకె, చిగుళ్లు వేశాక దగ్గరికి వస్తే గానీ కనిపించదు. బోర్డు దాటాక కల్వర్టు గోడ వెనక స్పీడ్ గన్ పట్టుకుని ఒకరు నిలబడతారు, ఇంకాస్త ముందు చలానా పుస్తకంతో ఇద్దరు ఉంటారు. నాకు అక్కడ చలానా పడింది. కట్టేశాను. తర్వాతి ఆదివారం టేపు తీసుకుని వెళ్లి కొలిచాను. అంకె చదవగలిగేది 30 మీటర్ల దూరం నుంచి. బోర్డు నుంచి కల్వర్టు దాకా 60 మీటర్లు. మొత్తం 90. గంటకు 80 వేగంతో, అంటే చట్టం అనుమతించిన వేగంతోనే వస్తున్న డ్రైవరు అంకె చూసి తేరుకోవడానికి ఒకటిన్నర సెకను అనుకుంటే, అప్పటికే 33 మీటర్లు దాటిపోతాడు. వెనక వచ్చేవారిని కంగారు పెట్టకుండా, మామూలుగా బ్రేకు వేసి 40కి తేవడానికి మరో 74 మీటర్లు కావాలి. మొత్తం 107 మీటర్లు. రోడ్డు ఇచ్చింది 90. చట్టాన్ని అక్షరాలా పాటిస్తూ వచ్చినవారు కూడా, హఠాత్తుగా బ్రేకు తొక్కితే తప్ప అక్కడ దోషులే అవుతారు. హఠాత్తుగా తొక్కితే వెనక వచ్చే సరుకు లారీ ఏమవుతుందో లారీ నడిపేవారిని అడిగితే చెబుతారు. పల్లంలో బరువుతో దిగుతున్న లారీకి నేను వేసిన లెక్క కూడా చాలదు.

ఈ నేపథ్యంలో కింది అంశాలను మీ దృష్టికి తెస్తున్నాను.

1. వేగ పరిమితి అంకె ఎక్కడి నుంచి వచ్చిందో ప్రజలకు తెలియడం లేదు.

వేగ పరిమితుల చరిత్ర అంతా ఈ అంకె కోసం జరిగిన తర్జనభర్జనే. బ్రిటన్‌లో 1865 నాటి చట్టం ఇంజను బండ్లకు ఊళ్లలో గంటకు 2 మైళ్లు, బయట 4 మైళ్లు పరిమితి పెట్టి, ముందు ఎర్రజెండా పట్టుకుని ఒక మనిషి నడవాలని ఆదేశించింది. 1896లో అది 14 మైళ్లకు, 1903లో 20 మైళ్లకు పెరిగింది. 1930లో సొంత కార్లకు పరిమితినే ఎత్తేశారు. 1934లో ఆ దేశంలో రోడ్ల మీద 7,343 మంది చనిపోయారు. 1935లో జనావాసాల్లో 30 మైళ్ల పరిమితి వచ్చింది, అది నేటికీ చాలాచోట్ల ఉంది. మరీ తక్కువ పెడితే ఎవరూ లెక్కచేయరు, ఎత్తేస్తే ప్రాణాలు పోతాయి. అందుకే ఇంజనీర్లు కొలతల మీద ఆధారపడటం మొదలుపెట్టారు. అడ్డంకులు లేనప్పుడు ఒక రోడ్డు మీద వచ్చే బండ్ల వేగాలను కొలిచి, వందలో ఎనభై అయిదు బండ్లు ఏ వేగానికి మించకుండా వెళుతున్నాయో చూసి, దానికి దగ్గరగా పరిమితి పెట్టే పద్ధతి చాలాకాలంగా వాడుకలో ఉంది.

ఆ పద్ధతిలో కూడా లోపం ఉందని నేను ఒప్పుకుంటాను. నడిచేవారు, సైకిళ్ల మీద వెళ్లేవారు, పిల్లలు తిరిగే వీధిలో ఎంత వేగం సురక్షితమో కారులో కూర్చున్నవారి అలవాటును బట్టి తేల్చడం న్యాయం కాదు. అమెరికా ఫెడరల్ ప్రభుత్వం 2023 డిసెంబరులో వెలువరించిన రోడ్డు గుర్తుల మార్గదర్శి కూడా బండ్ల వేగంతో పాటు చుట్టుపక్కల పరిసరాలను, పాదచారులను, ప్రమాదాల చరిత్రను లెక్కలోకి తీసుకోమంటోంది. మనుషులూ వాహనాలూ కలిసి తిరిగే చోట 30 కిలోమీటర్లే సబబని 2020లో స్టాక్‌హోమ్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సు ప్రకటించింది. మా బడి ముందున్న 30 పరిమితిని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కానీ ఇల్లు లేని, నడిచేవారు లేని, అడ్డరోడ్డు లేని పల్లంలో 40 ఎందుకు? ఏ సర్వే చేశారు, ఎప్పుడు చేశారు, అక్కడ ఎన్ని ప్రమాదాలు జరిగాయి? ఈ ప్రశ్నలకు జవాబు ఉంటే నేను తప్పు ఒప్పుకుని తలవంచుతాను. మూడు ఉత్తరాల్లో నేను అడిగింది ఇదే.

2. పరిమితి మారే చోటునే వలగా వాడుకుంటున్నారు.

ఇది మా ఊరిలోనే పుట్టిన తెలివి కాదు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో న్యూ రోమ్ అనే గ్రామం ఉండేది. 2000 జనాభా లెక్కల్లో అక్కడ 60 మంది ఉన్నారు. ఊరిగుండా వెళ్లే పెద్ద రోడ్డు మీద పరిమితి 45 మైళ్ల నుంచి 35 మైళ్లకు పడే చోట ఆ గ్రామ పోలీసులు కాపు కాసేవారు. చివరికి 2004లో కోర్టు ఆ గ్రామ పాలక వ్యవస్థనే రద్దు చేసింది. ఫ్లోరిడాలోని వాల్డో అనే వెయ్యి మంది జనాభా ఉన్న ఊరిలో కొద్ది మైళ్ల దూరంలోనే పరిమితి ఆరుసార్లు మారేది. అదే రహదారికి దగ్గరలో ఉన్న హ్యాంప్టన్ అనే ఇంకా చిన్న ఊరు, తన హద్దులను పెంచుకుని 1,260 అడుగుల రోడ్డు ముక్కను ఊరిలో కలిపేసుకుంది. ఆ ముక్క మీద చలానాలు రాయడమే ఆ ఊరికి పెద్ద వ్యాపకమైంది. 2014లో రాష్ట్ర చట్టసభ ఆ ఊరి హోదానే తీసేయబోయింది. ఆ రోడ్డు ముక్కను వదులుకున్నాకే హోదా నిలిచింది.

బోర్డు పెట్టడం చట్టం ప్రకారం సరిపోవచ్చు. కానీ బోర్డు పని డ్రైవరుకు సమాచారం చెప్పడం. చదివి, అర్థం చేసుకుని, నిదానంగా వేగం తగ్గించుకునేంత దూరం ఇవ్వకుండా పెట్టిన బోర్డు ఆ పని చేయలేదు.

3. జరిమానా డబ్బు, జరిమానా వేసేవారి చేతికే చేరుతోంది.

ఈ లేఖలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన అంశం ఇది, కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. వాల్డో ఊరి ఆదాయంలో దాదాపు సగం ట్రాఫిక్ చలానాల నుంచే వచ్చేది. ఇన్ని గంటల్లో ఇన్ని చలానాలు రాయాలని తమ మీద లక్ష్యాలు పెడుతున్నారని 2014లో అక్కడి పోలీసు ఉద్యోగులే బయటకు వచ్చి ఊరి పాలక మండలి ముందు చెప్పారు. ఫ్లోరిడాలో అలాంటి లక్ష్యాలు చట్టవిరుద్ధం. ఆ ఏడాదే ఆ ఊరి పోలీసు విభాగాన్ని మూసేశారు. ఆ ఉద్యోగుల ధైర్యానికి నాకు గౌరవం ఉంది. కల్వర్టు వెనక ఎండలో నిలబడే మా ఊరి కానిస్టేబుల్ మీద కూడా నాకు కోపం లేదు. అక్కడ నిలబడమని ఆయనకు చెప్పినవారినే నేను అడుగుతున్నాను.

ఇది ఒకటి రెండు ఊళ్ల కథ అనుకోవడానికి వీల్లేదు. నార్త్ కరోలినా రాష్ట్రంలోని కౌంటీల 1990 నుంచి 2003 వరకు ఉన్న లెక్కలను పరిశీలించిన ఆర్థిక శాస్త్రవేత్తలు, స్థానిక ప్రభుత్వ ఆదాయం తగ్గిన మరుసటి ఏడాది చలానాలు పెరిగాయనీ, ఆదాయం పెరిగిన తర్వాత మాత్రం ఆ మేరకు తగ్గలేదనీ 2009లో వెల్లడించారు. అదే ఏడాది మసాచుసెట్స్ లెక్కలతో వచ్చిన మరో అధ్యయనం, పొరుగూరి డ్రైవర్లకు జరిమానా పడే అవకాశం సొంత ఊరివారికన్నా ఎక్కువని తేల్చింది. పొరుగూరివారికి ఇక్కడ ఓటు లేదు, కోర్టుకు మళ్లీ రావడం వారికి కష్టం. ఒకే తప్పుకు ఓటరైతే హెచ్చరిక, బాటసారైతే చలానా అంటే, అక్కడ పనిచేస్తున్నది వేగం లెక్క కాదు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ మసాచుసెట్స్ పరిశోధకులే తర్వాత చేసిన మరో అధ్యయనంలో, చలానాలు పెరిగిన చోట ప్రమాదాలూ గాయాలూ తగ్గాయని కనుగొన్నారు. ఇది మీ వాదనకు బలమిచ్చే విషయమే. నా వాదనకు కూడా ఇదే బలం. చలానాకు ప్రాణాలు కాపాడే శక్తి నిజంగా ఉన్నప్పుడు, దాన్ని ప్రమాదాలు లేని పల్లంలో ఖర్చు చేసి, బడి గేటును వదిలేయడం ఎంత పెద్ద తప్పు! మా బడి గేటు ముందు గత ఏడాది మొత్తంలో స్పీడ్ గన్ పట్టుకున్నవారిని నేను రెండుసార్లే చూశాను. కల్వర్టు దగ్గర దాదాపు ప్రతి వారం చూశాను. బడి ముందు స్పీడ్ బ్రేకర్లున్నాయి, పిల్లలున్నారు, బండ్లు ఎలాగూ కొంత నెమ్మదిస్తాయి, అక్కడ గంటకు రెండు చలానాలు కూడా రావు. కల్వర్టు దగ్గర గంటకు పాతిక వస్తాయి. లక్ష్యం డబ్బయినప్పుడు కల్వర్టే మంచి చోటు. పిల్లల కాపలాకు వేసిన కంచె ఇక్కడ చేనునే మేస్తోంది.

దీనికి పరిష్కారాలు లేకపోలేదు. మిస్సోరి రాష్ట్రంలో మాక్స్ క్రీక్ అనే చిన్న ఊరి చలానాల బాధ పడలేక, 1995లో ఆ ఊరి పేరుతోనే పిలిచే చట్టం తెచ్చారు. ఊరి ఆదాయంలో ట్రాఫిక్ జరిమానాల వాటాకు ఒక హద్దు పెట్టి, మించిన డబ్బు బడుల నిధికి వెళ్లేలా చేశారు. ఆ హద్దును క్రమంగా తగ్గించుకుంటూ వచ్చి 2015లో 20 శాతానికి తెచ్చారు. బ్రిటన్‌లో కొన్నేళ్లు జరిమానా సొమ్ములోంచే కెమెరాల ఖర్చు తీసుకునే ఏర్పాటు ఉండేది, కెమెరాలు డబ్బు యంత్రాలన్న విమర్శ పెరిగాక 2007లో దాన్ని ఆపేశారు.

4. ఒకే జరిమానా అందరికీ ఒకే శిక్ష కాదు.

నాకు పడిన చలానా నా నెల జీతంలో చిన్న భాగం. నా వెనకే ఆపిన ఆటో ట్రాలీ డ్రైవరుకు అది రెండు రోజుల సంపాదన. ఆయన ఒకే నెలలో అదే పల్లంలో రెండుసార్లు పట్టుబడ్డానని చెప్పాడు. వాదించుకోవాలంటే కోర్టుకు ఒక రోజు వెళ్లాలి, ఆ రోజు సంపాదన పోతుంది. తప్పు చేయలేదని నమ్మినవాడు కూడా కట్టేయడమే నయమనుకునే పరిస్థితి ఇది. కట్టలేనివారి సంగతి ఏమవుతుందో మిస్సోరిలోని ఫెర్గూసన్ పట్టణం గురించి అమెరికా న్యాయశాఖ 2015 మార్చిలో ఇచ్చిన నివేదికలో ఉంది. అక్కడి పోలీసు పద్ధతులు ప్రజల భద్రత కన్నా పట్టణ ఆదాయం చుట్టూ తిరుగుతున్నాయని ఆ నివేదిక తేల్చింది. 2007లో బండిని తప్పుగా నిలిపినందుకు ఒక స్త్రీకి వేసిన 151 డాలర్ల జరిమానా, ఆమె సమయానికి కట్టలేక, వాయిదాలకు రాలేక పెరుగుతూ పోయింది. ఆరు రోజులు జైలులో ఉంది. 2014 డిసెంబరు నాటికి 550 డాలర్లు కట్టేసింది, అప్పటికీ ఇంకా 541 డాలర్లు బాకీ ఉన్నట్టు లెక్క చూపించారు. అది వేగం కేసు కాదు, పార్కింగ్ కేసు. కానీ చిన్న తప్పు పేదవారి మెడకు ఏళ్ల తరబడి ఉరితాడు కావడం ఒకేలా జరుగుతుంది.

ఫిన్లాండ్‌లో పెద్ద అతివేగానికి జరిమానాను మనిషి రోజువారీ ఆదాయాన్ని బట్టి లెక్కగడతారు. 2023లో 50 పరిమితి ఉన్న చోట 82 వేగంతో వెళ్లిన ఒక సంపన్నుడికి అక్కడ 1,21,000 యూరోలు పడింది. అంత దూరం వెళ్లకపోయినా, ఆదాయం తక్కువ ఉన్నవారికి వాయిదాలు, మొదటిసారి కొద్దిపాటి తేడాతో దాటినవారికి హెచ్చరిక, జరిమానాకు బదులు శిక్షణ తరగతి వంటివి ఇవ్వడానికి పెద్ద ఖర్చేమీ లేదు. బ్రిటన్‌లో కొద్ది తేడాతో పరిమితి దాటినవారికి అలాంటి తరగతి అవకాశం ఇస్తున్నారు.

5. దాక్కుని పట్టుకోవడం, కనబడి ఆపడం.

స్పీడ్ గన్ కల్వర్టు వెనక దాగి ఉంటే, దాటిపోయాక చలానా వస్తుంది. అప్పటికే వేగంగా వెళ్లడం అయిపోయింది. కనబడేలా ఉంటే బండి అక్కడే నెమ్మదిస్తుంది. పిల్లవాడికి కావలసింది రెండోది. దాగి పట్టుకునే పద్ధతి కొత్తదీ కాదు, దాని మీద ప్రజల అసంతృప్తీ కొత్తది కాదు. పోలీసుల వలల నుంచి తప్పించుకోవడంలో డ్రైవర్లకు సాయం చేయడానికే 1905లో బ్రిటన్‌లో ఆటోమొబైల్ అసోసియేషన్ పుట్టింది. ముందు వల ఉందని నేరుగా చెబితే నేరమని 1910లో కోర్టు తీర్పు వచ్చాక, ఆ సంఘం మనుషులు సభ్యులకు సెల్యూట్ చేయకుండా ఊరుకోవడమే హెచ్చరిక గుర్తుగా పెట్టుకున్నారు. చట్టానికీ పౌరుడికీ మధ్య ఇలాంటి దాగుడుమూతలు మొదలైతే నష్టపోయేది చట్టమే. 2001లో అదే దేశంలో కెమెరాల పెట్టెలకు పసుపు రంగు వేయాలని నిర్ణయించారు, అందరికీ కనబడాలని. భారతదేశంలో 2021 ఆగస్టులో వచ్చిన నిబంధన కూడా, ఎలక్ట్రానిక్ నిఘా ఉన్న చోట ముందే స్పష్టమైన హెచ్చరిక బోర్డులు పెట్టాలనీ, పరికరానికి ఏటా పునరుద్ధరించే ఆమోద పత్రం ఉండాలనీ, నోటీసు 15 రోజుల్లో పంపాలనీ చెబుతోంది. నా చలానా మీద పరికరం సంఖ్య రాయవలసిన గడి ఖాళీగా ఉంది.

6. నమ్మకం పోతే సరైన పరిమితి కూడా పనిచేయదు.

ఫ్రాన్స్‌లో 2018 జూలై 1 నుంచి, మధ్యలో విభజన లేని రెండు వరుసల రోడ్ల మీద పరిమితిని 90 నుంచి 80కి తగ్గించారు. ప్రాణాలు కాపాడాలన్నదే ఆ నిర్ణయం ఉద్దేశం. కానీ ఇది మా జేబులు కొట్టడానికేనన్న భావం జనంలో పాతుకుపోయి ఉండటంతో, ఆ శీతాకాలపు ఆందోళనల్లో దేశంలోని వేగ కెమెరాల్లో సుమారు 60 శాతం దెబ్బతిన్నాయని 2019 జనవరిలో ఆ దేశ హోంమంత్రే ప్రకటించారు. తర్వాత చాలా జిల్లాల్లో పరిమితి మళ్లీ 90కి వెళ్లింది. మంచి నిర్ణయం కూడా నమ్మకం లేక నిలవలేకపోయింది.

మా ఊరిలో జరుగుతున్నది చిన్న రూపంలో ఇదే. ఎదురొచ్చే బండ్లు లైట్లు ఆర్పి వెలిగించి కల్వర్టు సంగతి చెప్పుకుంటాయి. పల్లం దగ్గర 35తో వెళ్లిన బండి, వల దాటగానే వేగం అందుకుని బడి ముందున్న స్పీడ్ బ్రేకర్ల దాకా 60తో వస్తుంది. 40 అన్న అంకెకు అర్థం 'ఇక్కడ పోలీసులుంటారు' అని డ్రైవర్లు నేర్చుకున్నారు. పోలీసులు లేని 30 బోర్డుకు వారి దృష్టిలో విలువ లేదు. ఆ 30 బోర్డు మా గేటు పక్కనే ఉంది.

'పరిమితి దాటకపోతే చలానా ఉండదు కదా' అని మీరు అనవచ్చు. మూడో ఉత్తరం ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఒక అధికారి మర్యాదగానే నాతో ఈ మాట అన్నారు. నేను కొలిచిన 90 మీటర్లు, కావలసిన 107 మీటర్లు మీ ముందు ఉంచాను. పాటించడానికి చోటివ్వని నియమాన్ని పాటించలేదని శిక్షించడం సరైనదని ఆయన కూడా అనరని నా నమ్మకం.

కాబట్టి నేను కోరుతున్నవి ఇవి:

1. పల్లంలోని 40 పరిమితికి ఆధారమైన వేగ సర్వే, ప్రమాదాల లెక్కలు, ఆదేశం ప్రతిని బయటపెట్టాలి. లేకపోతే సర్వే చేసి పరిమితిని తిరిగి నిర్ణయించాలి, అది పూర్తయ్యే దాకా అక్కడ జరిమానాలు ఆపాలి.

2. పరిమితి 20 కిలోమీటర్లకు మించి తగ్గే ప్రతి పొలిమేరలోనూ మధ్యంతర బోర్డు, ముందస్తు హెచ్చరిక బోర్డు పెట్టాలి. కొమ్మలు కొట్టించాలి. కొత్త పరిమితి మొదలైన తర్వాత కనీసం 250 మీటర్ల దాకా వేగ తనిఖీ చేయకూడదు. ఈ దూరాన్ని ఊహించి రాయలేదు. బ్రేకు ముట్టుకోకుండా, కాలు తీసి బండిని 80 నుంచి 40కి రానిస్తే సుమారు 220 మీటర్లు పడుతుంది.

3. జరిమానా సొమ్ము వసూలు చేసిన ఊరికి గానీ, పోలీసు విభాగానికి గానీ నేరుగా చేరకూడదు. ప్రమాద బాధితుల చికిత్సకు, కాలిబాటలకు ఉపయోగపడే ప్రత్యేక నిధిలో జమ కావాలి. చలానాల సంఖ్యను బట్టి ఏ ఉద్యోగి పనితీరునూ అంచనా వేయకూడదని లిఖితపూర్వక ఆదేశం ఇవ్వాలి.

4. ఎక్కడెక్కడ ఎన్ని గంటలు తనిఖీ చేశారు, ఎన్ని చలానాలు రాశారు, అక్కడ ఎన్ని ప్రమాదాలు జరిగాయి అన్న మూడు లెక్కలనూ ప్రతి మూడు నెలలకూ పక్కపక్కనే ప్రచురించాలి. తనిఖీ గంటలను ప్రమాదాలు జరిగిన చోట్లకూ, బడులూ ఆసుపత్రులూ ఉన్న చోట్లకూ ముందుగా కేటాయించాలి.

5. ప్రతి చలానా మీదా పరికరం సంఖ్య, చివరిసారి సరిచూసిన తేదీ ఉండాలి. అవి లేని చలానా చెల్లకూడదు.

6. మొదటిసారి, కొద్దిపాటి తేడాతో దాటినవారికి హెచ్చరికతో సరిపెట్టాలి. కట్టలేనివారికి వాయిదాలు ఇవ్వాలి. జరిమానా కట్టలేనంత మాత్రాన ఎవరూ జైలుకు వెళ్లకూడదు. సవాలు చేయదలచినవారు పని మానుకోకుండా ఉత్తరం ద్వారానో, ఆన్‌లైన్‌లోనో వాదన వినిపించుకునే ఏర్పాటు ఉండాలి.

పొరుగూళ్లలో ఇదే బాధ పడుతున్న ఆటో, లారీ, ట్రాలీ డ్రైవర్లకు నా మనవి ఒకటుంది. లైట్లు ఆర్పి వెలిగించి తప్పించుకోవడంతో సరిపెట్టకండి. బోర్డు నుంచి తనిఖీ చోటుకు ఎంత దూరమో కొలిచి, తేదీతో సహా రాసి, అర్జీ పెట్టండి. కొలవడానికి టేపు కావాలంటే నేను ఇస్తాను. అలాగే బడుల దగ్గర దయచేసి నెమ్మదిగా వెళ్లండి, అక్కడ పోలీసులు ఉన్నా లేకపోయినా.

అధికారులకు ముప్పై రోజుల గడువు కోరుతున్నాను. మొదటి కోరికకు, అంటే సర్వే ప్రతికి, ఒక్క వారం చాలు, కాగితం ఉంటే. ఏ జవాబు వచ్చినా దాన్ని యథాతథంగా ఈ లేఖ పక్కనే ప్రకటిస్తాను. నేను పొరబడిన చోట పొరపాటని రాస్తాను. మీరు స్వయంగా చూడదలిస్తే, బడి తెరిచే వేళ ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది దాకా గేటు దగ్గర రోజూ నేను పిల్లలను రోడ్డు దాటిస్తూ ఉంటాను. స్పీడ్ గన్ తెచ్చుకుని రండి.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక గణిత ఉపాధ్యాయురాలు